చేతికి సీసా... కాళ్లకు గాలి బూట్లు!

జ్వరం వచ్చి తగ్గినా, ఎండన పడి తిరిగి నీరసపడినా, పెళ్లి పనులతో నాలుగు రాత్రులు నిద్ర లేకపోయినా మన దగ్గర వినిపించే మాట ఒకటే. 'డాక్టరు గారూ, ఒక సీసా ఎక్కించండి. కాస్త ఓపిక వస్తుంది.' మాత్రలు రాసిచ్చి పంపే డాక్టరు కన్నా సెలైన్ పెట్టే డాక్టరు మీదే చాలామందికి గురి. మంచం ఖాళీ లేకపోతే అరుగు మీదే పడుకోబెట్టి, సీసాను కిటికీ ఊచకో చెట్టు కొమ్మకో కట్టి ఎక్కించడం పల్లెల్లో కొత్తేమీ కాదు.

ఆ సీసాయే ఇప్పుడు సోకు చేసుకుని నగరానికొచ్చింది. పేరు ఐవీ డ్రిప్. చల్లటి ఏసీ గది, మెత్తటి వాలుకుర్చీ, సన్నటి సంగీతం. చేతికి విటమిన్లు కలిపిన సీసా. కాళ్లకేమో తొడల దాకా వచ్చే గాలి బూట్లు. మీట నొక్కగానే ఆ బూట్లు పాదాల దగ్గర మొదలుపెట్టి పైపైకి ఒక్కో అర చొప్పున ఉబ్బుతూ కాళ్లను నొక్కి వదులుతుంటాయి. అలసట మాయం, వాపులు మాయం, వ్యాయామం తర్వాతి ఒళ్లునొప్పులు మాయం అంటాయి ప్రకటనలు. విదేశాల్లో మొదలైన ఈ ముచ్చట హైదరాబాద్ లాంటి చోట్లకూ వచ్చేసింది. జేబుకు చిల్లు పడినా ఫర్వాలేదు, కాళ్లు వాస్తున్నాయని బాధపడే అమ్మానాన్నలకు ఓసారి చేయిద్దామనుకునే పిల్లలూ ఉంటారు.

ఇంతకీ ఆ సీసాలో ఏముంది? ఆ బూట్లు ఏం చేస్తాయి? రెండూ కలిస్తే మేలు రెట్టింపవుతుందా? డబ్బు కట్టే ముందు తెలుసుకోవాల్సిన సంగతులివి.

సీసాలో ఉన్నదెంత?

మామూలు సెలైన్ అంటే నీళ్లలో 0.9 శాతం ఉప్పు. అర లీటరు సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లు రోజు మొత్తమ్మీద తినే ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక్క సీసాతోనే దాదాపు రోజు కోటా అయిపోయినట్టే. ఇక మనం గ్లూకోజు అని పిలుచుకునే 5 శాతం డెక్స్‌ట్రోజ్ సీసా సంగతి చూద్దాం. అర లీటరులో 25 గ్రాముల చక్కెర ఉంటుంది. దాని నుంచి వచ్చే శక్తి సుమారు 85 కేలరీలు. రెండు ఇడ్లీలు తిన్నా అటూ ఇటూగా అంతే వస్తుంది.

మరి ఎక్కించుకోగానే హుషారు వచ్చినట్టుంటుందేం? దానికి కారణాలున్నాయి. ఒంట్లో నీరు తగ్గి ఉంటే అది భర్తీ అవుతుంది. గంటసేపు కదలకుండా పడుకోవడంతో విశ్రాంతి దొరుకుతుంది. పక్కన ఎవరో ఒకరు కూర్చుని పలకరిస్తుంటారు. ఓపిక వస్తుందన్న నమ్మకం ఒకటి ఎలాగూ ఉంటుంది. వీటిలో మొదటిదానికి తప్ప మిగతా వాటికి సూది అక్కర్లేదు. నోటితో తాగగలిగిన మనిషికి ఆ మొదటిదానికీ అక్కర్లేదు.

కలరా నేర్పిన వైద్యం

అలాగని సెలైన్‌ను తక్కువ చేయడానికి లేదు. అది పుట్టిందే ప్రాణాలు నిలపడానికి. 1831లో బ్రిటన్‌లో కలరా వ్యాపించినప్పుడు విలియం ఓషానెస్సీ అనే యువ వైద్యుడు రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులోంచి నీరూ లవణాలూ పోతున్నాయని తేల్చాడు. ఈయనే తర్వాత కలకత్తా వచ్చి మన దేశంలో తొలి టెలిగ్రాఫ్ తీగలు వేయించాడు. ఆయన చెప్పిన మాట పట్టుకుని 1832లో స్కాట్లండ్‌లోని లీత్‌లో థామస్ లాటా అనే డాక్టరు ఉప్పునీటిని నేరుగా రక్తంలోకి ఎక్కించాడు. మొదటి రోగి ఒక వృద్ధురాలు. చల్లబడిపోయిన ఆమె కళ్లెదుటే తేరుకుంది. కానీ విరేచనాలు తిరగబెట్టడంతో దక్కలేదు. తర్వాతి రోగుల్లో కొందరు బతికి బయటపడ్డారు. నేటి సెలైన్ వైద్యానికి నాంది అదే.

దానికి రెండో అధ్యాయం మన పక్కనే జరిగింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరాల్లో కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన పొడిని నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. అదే నేటి ఓఆర్ఎస్. 2022లో కన్నుమూసిన ఆయనకు మరుసటి ఏడాది పద్మవిభూషణ్ దక్కింది. కలరా రోగులు కూడా చాలామంది నోటితో తాగి కోలుకోగలిగినప్పుడు, షాపింగ్ చేసి అలసినవారికి సూది దేనికి?

నరానికి ఎక్కించక తప్పని సందర్భాలు వేరే ఉన్నాయి. తాగింది తాగినట్టు వాంతి అవుతున్నప్పుడు, స్పృహ లేనప్పుడు, రక్తపోటు పడిపోయినప్పుడు, ఆపరేషన్ వేళ, ముదిరిన డెంగీలో సెలైన్ ప్రాణాధారం. డెంగీలోనైతే చుక్కలు లెక్కపెట్టి ఇవ్వాలి. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. పేగులు పనిచేయని రోగులకు పోషకాలన్నీ నరం ద్వారానే ఇచ్చి బతికించవచ్చని 1960లలో అమెరికాలో స్టాన్లీ డుడ్రిక్ అనే సర్జన్ నిరూపించాడు. తీవ్రమైన రక్తహీనత ఉన్న గర్భిణులకు ఐరన్ ఎక్కించడం, బి12 బాగా తగ్గినవారికి ఇంజెక్షన్లు ఇవ్వడం కూడా ఈ కోవలోవే. వీటన్నిటికీ ముందు పరీక్ష ఉంటుంది, లోపం ఇదీ అని తేలుతుంది, మోతాదు కాగితం మీద ఉంటుంది.

విటమిన్ల కాక్‌టెయిల్

వాలుకుర్చీ డ్రిప్పుల్లో ఎక్కువ వాటికి మూలం 'మయర్స్ కాక్‌టెయిల్'. అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్ మయర్స్ అనే డాక్టరు మెగ్నీషియం, కాల్షియం, బి విటమిన్లు, విటమిన్ సి కలిపి రోగులకు ఇచ్చేవాడు. 1984లో ఆయన పోయాక అలాన్ గేబీ అనే మరో డాక్టరు ఆ వైద్యాన్ని కొనసాగించి, 2002లో దాని గురించి వ్యాసం రాశాడు. అక్కణ్నుంచి అది ఊరూరా పాకింది. దీని మీద జరిగిన కొద్దిపాటి పరీక్షల్లో ఒకటి 2009లో వెలువడింది. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా రోగులు 34 మందిని తీసుకుని కొందరికి అసలు మందు, మిగతావారికి విటమిన్లు లేని ఉత్త లవణ ద్రావణం ఎక్కించారు. రెండు జట్ల వారికీ నొప్పులు తగ్గాయి! ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

విటమిన్లు గొప్పవి కావని కాదు. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసే పనిని 1940లలో ముందుండి నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావు మన భీమవరంలో పుట్టినవారే. ఆ మహానుభావుడి కృషి ఫలం ఇవాళ చిన్న మాత్ర రూపంలో, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఉచితంగా అందుతోంది. ఒంట్లో లోపం ఉంటే ఆ మాత్ర ఎంతో మేలు చేస్తుంది. లోపం లేకపోతే బి, సి విటమిన్లలో ఎక్కువైనది మూత్రంలో పోతుంది. డ్రిప్ పెట్టించుకున్న తర్వాత మూత్రం చిక్కటి పసుపు రంగులో రావడానికి కారణం బి2 విటమినే.

పోతే పోయింది, నష్టమేముంది అనుకోవద్దు. నోటితో తిన్నదానికి పేగు కాపలా ఉంటుంది. ఎంత లోపలికి రానివ్వాలో అది చూసుకుంటుంది. నరంలోకి వెళ్లేదానికి ఆ కాపలా ఉండదు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్నవారికి విటమిన్ సి పెద్ద మోతాదులో ఎక్కిస్తే ఎర్రకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అదే విటమిన్ వల్ల కిడ్నీలు మరింత దెబ్బతినవచ్చు. కలిపేచోట శుభ్రత లోపిస్తే సూక్ష్మక్రిములు తిన్నగా రక్తంలోకే వెళతాయి. ఇంటి దగ్గర విటమిన్లు ఎక్కించుకున్న ఒక యాభై ఏళ్ల మహిళ రక్తంలో ఇన్ఫెక్షన్ అనుమానంతో, అవయవాలు దెబ్బతిని ఆసుపత్రి పాలైన ఉదంతాన్ని 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తన హెచ్చరికలో ప్రస్తావించింది.

'ఆటగాళ్లు కూడా పెట్టించుకుంటారటగా' అనేవారికి ఇంకో కబురు. ఆసుపత్రి చికిత్సలో భాగంగా తప్ప, పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరానికి ఎక్కించుకోవడం క్రీడల డోపింగ్ నిబంధనల ప్రకారం నేరం. సీసాలో ఉన్నది ఉత్త విటమిన్లయినా సరే. ఒలింపిక్స్‌లో పన్నెండు పతకాలు గెలిచిన అమెరికా ఈతగాడు ర్యాన్ లాక్టీ 2018లో డ్రిప్ పెట్టించుకుంటున్న తన ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లో తానే పెట్టి పట్టుబడ్డాడు. నిషిద్ధ మందేమీ వాడకపోయినా 14 నెలలు పోటీలకు దూరమయ్యాడు.

పిక్కే రెండో గుండె

ఇక కాళ్ల సంగతి. గుండె నుంచి పాదాల దాకా రక్తం దిగడం తేలికే. తిరిగి పైకి ఎక్కడమే కష్టం. ఆ పనికి పిక్క కండరాలే మోటారు. నడిచినప్పుడల్లా అవి బిగిసి, పక్కనున్న సిరలను నొక్కి రక్తాన్ని పైకి తోస్తాయి. తోసింది కిందికి జారకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలుంటాయి. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. గంటల తరబడి నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుళ్లకు, టీచర్లకు, కండక్టర్లకు, వంట మాస్టర్లకు ఆ కవాటాలు సడలి సిరలు మెలికలు తిరుగుతుంటాయి. సాయంత్రమయ్యేసరికి కాళ్లు బరువెక్కి వాస్తాయి.

అమెరికాలో కాన్రాడ్ జాబ్స్ట్ అనే ఇంజినీరుకు ఇదే బాధ. ఈత కొలనులో నిలబడితే కాళ్లకు హాయిగా ఉంటోందని గమనించాడు. లోతుకు వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది. అంటే పాదం దగ్గర ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ తక్కువ. అదే తీరున చీలమండ దగ్గర గట్టిగా, పైన వదులుగా పట్టే మేజోళ్లను 1950 ప్రాంతంలో తయారుచేశాడు. ఇవాళ డాక్టర్లు రాసిచ్చే మేజోళ్లు ఆ సూత్రం మీద నడిచేవే.

ఈ ఒత్తిడి వైద్యానికి ఆధారాలు గట్టివే. పక్షవాతంతో మంచాన పడిన 2,876 మంది మీద బ్రిటన్‌లో జరిపిన పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. కాళ్లను గాలితో నొక్కి వదిలే తొడుగులు వాడినవారిలో రక్తం గడ్డలు 12.1 శాతం నుంచి 8.5 శాతానికి తగ్గాయి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి బయల్దేరే పెద్దవాళ్లకు ఆ సుదీర్ఘ విమాన ప్రయాణంలో మేజోళ్లు మేలు చేస్తాయి. గోదావరి జిల్లాల్లో తరతరాలుగా పీడించిన బోదకాలుకు రోజూ సబ్బుతో కడిగి పొడిగా తుడవడం, కాలు ఎత్తుగా పెట్టుకోవడం, చిన్నపాటి వ్యాయామాలతో పాటు కట్టు కట్టడం కూడా చికిత్సలో భాగమే. ఆటల తర్వాత గాలి బూట్లు వేసుకుంటే కండరాల నొప్పి కొంత తగ్గినట్టు అనిపిస్తుంది. అయితే కండరాల సత్తువ త్వరగా తిరిగొస్తుందని ఆశ పెట్టుకోవడానికి మాత్రం లేదు.

రెండు కాలువలు... ఒకే చెరువు

అసలు చిక్కు రెండూ కలిపినప్పుడే. నరంలోకి ఎక్కించిన సెలైన్ అంతా రక్తంలోనే ఉండిపోదు. గంటా రెండు గంటల్లో అందులో నాలుగో వంతు మాత్రమే రక్తనాళాల్లో మిగులుతుంది. మిగతా మూడొంతులు నాళాల గోడలు దాటి కణాల మధ్య ఖాళీల్లోకి చేరుతుంది. కాళ్ల వాపు అంటే ఏమిటి? ఆ ఖాళీల్లో నిలిచిన నీరే! అంటే కింద బూట్లు తోడుతున్న నీటినే పైనుంచి సీసా నింపుతోందన్నమాట. వాపు కోసం వెళ్లిన మనిషికి ఇదెక్కడి వైద్యం?

ఇంకో సంగతి మరీ ముఖ్యం. కాళ్లను నొక్కితే అక్కడి నీరు, రక్తం పైకి వచ్చి గుండెకే చేరాలి. చేతి నరంలో పోసింది కూడా గుండెకే చేరాలి. రెండు కాలువలూ ఒకే చెరువులోకి వదిలినట్టు. కట్ట గట్టిగా ఉంటే ఫర్వాలేదు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడి గుండె ఆ అర లీటరును అవలీలగా తట్టుకుంటుంది, మూత్రపిండాలు కొన్ని గంటల్లో బయటికి పంపేస్తాయి. అతనికి పోయేది డబ్బే. కానీ కట్ట బలహీనంగా ఉన్నవారి సంగతి వేరు. గుండె నీరసించినవారికి, మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి ఆ అదనపు నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం ముంచుకురావచ్చు. విచిత్రమేమిటంటే, ఆ రెండు జబ్బుల్లోనూ పైకి ముందుగా కనిపించే గుర్తు కాళ్ల వాపే. బూట్లు వెతుక్కుంటూ వచ్చే పెద్దవాళ్లలో ఇలాంటివారూ ఉంటారు.

వాపు ఏం చెబుతోంది?

అందుకే వాపును పిండేయడానికి ముందు అదేం చెబుతోందో వినాలి. కొన్ని తేడాలు ఇంట్లోనే గమనించవచ్చు.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పి పెడుతూ, వేడిగా ఉందా? లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దాన్ని నొక్కడం, మర్దన చేయడం అస్సలు పనికిరాదు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. అదే రోజు డాక్టరుకు చూపించాలి.

రెండు కాళ్లూ వాచి, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందా? రాత్రి మధ్యలో లేచి కూర్చోవాల్సి వస్తోందా? గుండెను పరీక్షించాలి.

పొద్దున్నే మొహం, కళ్ల కింద ఉబ్బుగా ఉండి, మూత్రం నురగలా పోతోందా? మూత్రపిండాల పరీక్ష కావాలి.

బీపీకి అమ్లోడిపిన్ మాత్ర మొదలుపెట్టాక చీలమండలు వాచాయా? అది ఆ మాత్ర వల్ల కావచ్చు. సొంతంగా మానేయకుండా డాక్టరుకు చెబితే మార్చి ఇస్తారు.

చాలా ఏళ్లుగా మధుమేహం ఉండి, నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తూ, పాదాలు చల్లగా ఉంటున్నాయా? కాళ్లకు రక్తం తెచ్చే ధమనులే పూడుకుపోయి ఉండొచ్చు. అలాంటి కాలును బిగిస్తే వచ్చే కాస్త రక్తమూ ఆగి పుండ్లు పడతాయి. అందుకే మేజోళ్లు రాసే ముందు డాక్టర్లు చేతి బీపీని, చీలమండ దగ్గరి బీపీని పోల్చి చూస్తారు.

వెళ్లక తప్పదనుకుంటే...

పిల్లలు ఇప్పటికే డబ్బు కట్టేశారా? అయినా సూది గుచ్చేముందు నాలుగు ప్రశ్నలు అడగడానికి మొహమాటపడొద్దు. పేరు రాసి ఉన్న చీటీ ప్రకారం ఈ సీసాలో ఏమేం, ఎంతెంత కలిపారు? నాలో ఏ లోపం ఉందని తేలింది, ఆ రిపోర్టు ఏదీ? గుండె, కిడ్నీ, షుగర్ సంగతులు అడిగి తెలుసుకున్న డాక్టరు ఇక్కడ ఉన్నారా? ఒళ్లు దద్దుర్లు లేచి ఊపిరాడకపోతే ఇచ్చే ఇంజెక్షన్ దగ్గరుందా? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు తడబడినా చెప్పులేసుకుని బయటికి రావడమే మేలు.

ఆరోగ్యంగా ఉండి, ఊరికే అలసిపోయినవారికి ఇంట్లోనే అన్నీ ఉన్నాయి. విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్. అది దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సమంగా కొలిచి కలిపి తాగొచ్చు. ఎండన తిరిగొస్తే ఉప్పేసిన మజ్జిగ, గంజి. షుగర్, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం డాక్టరును అడిగి తీసుకోవాలి. కాళ్లు బరువెక్కితే పావుగంట గుండె కన్నా ఎత్తులో దిండ్ల మీద పెట్టుకుని పడుకోవడం, కూర్చున్నచోటే పాదాలను పైకీ కిందికీ ఆడించడం, సాయంత్రం ఓ అరగంట నడక. పిక్క కండరం ఏ యంత్రానికీ తీసిపోదు, పైగా దానికి కరెంటు ఖర్చు లేదు. అన్నీ చేసినా నెలల తరబడి నీరసం వదలకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షలు చేయించుకోవాలి.

అమ్మానాన్నల కాళ్లు వాస్తున్నాయని గమనించిన పిల్లలు వాళ్లకు ఇవ్వగలిగిన మంచి బహుమతి వాలుకుర్చీలో గంటసేపు కాదు. ఒక పూట సెలవు పెట్టి పక్కన కూర్చుని, 'ఎన్నాళ్ల నుంచి నాన్నా? పడుకుంటే ఆయాసం వస్తోందా అమ్మా?' అని అడిగి, దగ్గరుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం. వాపు ఎందుకొచ్చిందో తెలిశాక సీసా కావాలో, మేజోళ్లు కావాలో, రెండూ వద్దో ఆ డాక్టరే చెబుతారు.